గుర్రాలు ఆటబొమ్మల్లా ఎందుకు కనిపిస్తున్నాయి? 28 మి.మీ. నెపోలియన్ సైన్యానికి రంగులు వేయడం గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. బల్ల మీద ఆడే యుద్ధపు ఆట కోసం నెపోలియన్ కాలపు ఫ్రెంచ్ సైన్యం, 28 మి.మీ. (నిలబడ్డ మనిషి బొమ్మ ఎత్తు దాదాపు అంత) ప్లాస్టిక్ బొమ్మలు తీసుకున్నారు. 36 మంది కాల్బలం, 12 మంది కుయిరాసియర్లు, అంటే ఉక్కు కవచం తొడుక్కున్న రౌతులు. నాలుగు నెలలు కూర్చుంటే ఆరుగురు రౌతులు పూర్తయ్యారు. మనుషులు బాగానే వచ్చారు, గుర్రాలు మాత్రం అన్నీ ఒకే గోధుమ రంగులో, మెరుస్తూ, అచ్చం ఆటబొమ్మల్లా ఉన్నాయి. గుర్రాలకి జీవం ఎలా తేవాలి, మిగతా వాటిని ఈ ఏడాదిలో ఎలా ముగించాలి, అయిపోయిన ఆరింటికి రంగు తీసేసి మళ్ళీ మొదలుపెట్టాలా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: గుర్రాలకి అక్రిలిక్ గోధుమ రంగు వేయడం ఆపేయండి. ముందు లేత రంగు అక్రిలిక్ వేసి, అది పూర్తిగా ఆరాక దాని మీద ముదురు ఆయిల్ పెయింట్ రాసి, కాసేపాగి స్పాంజితో తుడిచేయండి. మనుషులకి అక్రిలిక్కే చాలు, కాకపోతే ఒక్కొక్కరిని కాకుండా పన్నెండు మందిని ఒకేసారి పట్టుకోండి. ఆ ఆరు గుర్రాల రంగు తీయాల్సిన పని లేదు, వాటి సంగతి చివర్లో చెప్తాను.

నేను ఈ పనిలో పదిహేనేళ్లుగా ఉన్నాను. మొదటి మూడు నాలుగేళ్లు నా గుర్రాలూ మీవాటిలాగే ఉండేవి. చేతిలో నైపుణ్యం లేకపోవడం వల్ల కాదది. బట్టకి పనికొచ్చే పద్ధతినే గుర్రానికీ వాడటం వల్ల.

ఒకసారి గమనించండి. సైనికుడి కోటు నిండా ముడతలుంటాయి. రంగు వేసి పైన వాష్, అంటే నీళ్ళలా పల్చన చేసిన ముదురు రంగు పోస్తే అది ముడతల్లోకి దిగి నీడలా కూర్చుంటుంది, ఎత్తుగా ఉన్న చోట అసలు రంగు కనిపిస్తుంది. గుర్రం ఒళ్ళు అలా కాదు. పిరుదు, భుజం, మెడ అన్నీ నున్నగా, విశాలంగా ఉంటాయి. అక్కడ వాష్ దిగడానికి సందే ఉండదు. కడుపు కిందికి జారి మడుగు కడుతుంది, ఆరాక చుట్టూ మరకలా గీత మిగులుతుంది. దాన్ని కప్పడానికి డ్రైబ్రష్ చేస్తే, అంటే బ్రష్‌లో రంగు దాదాపు తుడిచేసి పైపైన రుద్దితే, సుద్దపొడి చల్లినట్టుంటుంది. పొరల మీద పొరలు వేసి రంగులు కలుపుదామంటే అక్రిలిక్ నిమిషాల్లో ఆరిపోతుంది. ఆయిల్ పెయింట్ గంటల తరబడి తడిగా ఉంటుంది కాబట్టి ముదురు నుంచి లేతకి మారడం దానంతటదే నున్నగా జరుగుతుంది.

ఇప్పుడు పద్ధతి. మూడే మూడు ట్యూబులు చాలు: బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), ఐవరీ బ్లాక్ (నలుపు). ముందు గుర్రాన్ని సబ్బు నీళ్ళతో కడిగి, అచ్చు రెండు సగాలు కలిసిన చోట మిగిలే గీతలు కత్తి వెనక అంచుతో గీకేయండి. గుర్రాల్లో ఆ గీత సరిగ్గా వీపు మధ్యనుంచి మెడ మీదుగా మూతి దాకా వస్తుంది, ఆయిల్ పెయింట్ దాన్ని దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే తొలి పూత) వేశాక లేత అక్రిలిక్ వేయండి. ఎర్ర గోధుమ గుర్రం కావాలంటే నారింజ కలిసిన ఇసుక రంగు, రాగి రంగు గుర్రానికి పసుపు నారింజ, నల్ల గుర్రానికి ముదురు ఎర్ర గోధుమ. ఈ దశలో బొమ్మ చూస్తే భయమేస్తుంది, నారింజ పండులా ఉంటుంది. కంగారు పడకండి. ఒక రోజంతా ఆరనివ్వండి. ఇక్కడ తొందరపడితే తుడిచేటప్పుడు కింది రంగు కూడా ఊడొస్తుంది.

ఆయిల్ పెయింట్‌ని ట్యూబు నుంచి పిండి ఓ గంట రెండు గంటలు మామూలు అట్టముక్క మీద వదిలేయండి. అందులోని అవిసె నూనె కొంత అట్ట పీల్చుకుంటుంది. రంగు త్వరగా ఆరుతుంది, మెరుపు తగ్గుతుంది. మీ గుర్రాల మీద ఉన్న ఆ మెరుపు ఆయిల్‌తో ఇంకా పెరుగుతుందేమోనన్న అనుమానం వస్తుంది కాబట్టి ముందే చెప్తున్నాను. తర్వాత పాత బ్రష్‌తో, ఏమీ కలపకుండా లేదా ఒక్క చుక్క వైట్ స్పిరిట్ (ఆయిల్ పెయింట్‌ని పల్చన చేసే ద్రావకం) కలిపి, ఒళ్ళంతా పల్చగా రాసేయండి. కళ్ళెం, జీను అని చూసుకోనక్కర్లేదు. పదిహేను ఇరవై నిమిషాలాగండి.

ఇక తుడవడం. మేకప్‌కి వాడే మెత్తటి స్పాంజిని చిన్న ముక్కలుగా కోసి పెట్టుకోండి. గుర్రాన్ని బేస్ (కాళ్ళ కింది దిమ్మ) దగ్గర పట్టుకుని వీపు మీద మొదలుపెట్టి, వెంట్రుకలు ఎటు వాలి ఉంటాయో అటే, వెనక్కీ కిందికీ తేలిగ్గా లాగండి. మొదటి రెండు లాగుళ్ళకి ఏమీ మారినట్టుండదు. మూడోసారికి పిరుదు గుండ్రం మీద కింది నారింజ ఛాయ మెల్లగా పైకి తేలుతుంది. భుజం ఎముక ఎక్కడుందో, తొడ కండ ఎక్కడ విడిపోతుందో అప్పుడు తెలుస్తుంది. పక్కటెముకల దగ్గర చెయ్యి ఇంకా తేలిక చేయండి. మెడ కింద, తొడల మధ్య, జీను అంచుల్లో అసలు ముట్టుకోకండి, అక్కడి ముదురే మీకు నీడ. స్పాంజి ముక్క రంగుతో నిండగానే పారేసి కొత్తది తీసుకోండి, లేకపోతే తీసిన రంగునే మళ్ళీ పూస్తారు. ఒక్కో గుర్రానికి ఇది నాలుగైదు నిమిషాల పని. నేను మొదటిసారి ఇలా తుడిచిన గుర్రాన్ని దీపం కింద తిప్పి తిప్పి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అంతకుముందు నాలుగు గంటలు పొరలు వేసినా రాని కండ అందులో కనిపించింది.

ఆరడానికి టైమ్ పడుతుంది. అంబర్‌లో మాంగనీసు ఉంటుంది కాబట్టి అది త్వరగా, నాలుగైదు రోజుల్లో ఆరుతుంది. నలుపు బాగా ఆలస్యం చేస్తుంది, వారం పైనే పడుతుంది. అందుకే నేను గుర్రాలతోనే పని మొదలుపెడతాను. అవి ఓ మూల ఆరుతుంటే మనుషులకి రంగులు వేసుకుంటాను. ఆరాక మ్యాట్ వార్నిష్ ఒక పొర వేసి, దాని మీద జీను, కళ్ళెం, పగ్గాలు అక్రిలిక్‌తో వేసుకోవచ్చు.

రెండు జాగ్రత్తలు. వైట్ స్పిరిట్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి. ఆయిల్ తుడిచిన గుడ్డలు, స్పాంజిలు ఉండచుట్టి బుట్టలో పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డలు కుప్పగా ఉంటే వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. విడివిడిగా పరిచి ఆరాక పారేయండి. ఇంకోటి, బ్రష్ మొనని నోట్లో పెట్టుకుని సరిచేసే అలవాటుంటే మానేయండి.

గుర్రాలన్నీ ఒకే రంగులో ఉండకూడదు, అలాగని తోచిన రంగూ వేయకూడదు. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. బే అనే రకంలో ఒళ్ళు ఎర్ర గోధుమ. జూలు, తోక, మోకాళ్ళ కింద కాళ్ళు నలుపు. చెస్ట్‌నట్‌లో ఒళ్ళంతా రాగి రంగు. జూలు, తోక కూడా అదే రంగు, లేదా ఇంకా లేత. దానికి నల్ల కాళ్ళుండవు. కాబట్టి నల్ల జూలు పెట్టారంటే కాళ్ళు కూడా నల్లబడాలి. రాగి రంగు కాళ్ళతో నల్ల జూలున్న గుర్రాన్ని బల్ల మీద చూస్తే, గుర్రాల గురించి ఏమీ తెలియని వాళ్ళకి కూడా ఏదో తేడాగా అనిపిస్తుంది.

గ్రే గుర్రాలది ఇంకో కథ. అవి పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి వయసు పెరిగే కొద్దీ తెల్లబడతాయి. పైన వెంట్రుకలు తెల్లగా ఉన్నా కింద చర్మం నల్లగానే ఉంటుంది. అందుకే మూతి, కళ్ళ చుట్టూ బూడిద నలుపు వేయాలి. తెల్లగా వదిలేస్తే పింగాణీ బొమ్మలా ఉంటుంది. వీటికి నేను ఆయిల్ తుడుపు వాడను. లేత బూడిద రంగు మీద చాలా పల్చటి ముదురు బూడిద వాష్, తర్వాత తెలుపు డ్రైబ్రష్. తెలుపు మీద డ్రైబ్రష్ సుద్దతనం అంతగా తెలియదు.

కాళ్ళకి తెల్ల మేజోళ్ళు తొడిగినట్టుండే మచ్చలు, నుదుటి మీద చుక్క, ముఖం పొడుగునా తెల్ల పట్టీ, ఇవి ఒక గుర్రానికీ ఇంకో గుర్రానికీ తేడా చూపించే తేలికైన మార్గాలు. పన్నెండింటిలో ఆరేడింటికి పెట్టండి, అన్నిటికీ వద్దు. కాలు తెల్లగా ఉంటే గిట్ట కూడా సాధారణంగా లేత కొమ్ము రంగులో ఉంటుంది, కాలు ముదురుగా ఉంటే గిట్టా ముదురే. ఇంత చిన్న విషయం ఎవరు చూస్తారనుకోవచ్చు. విడిగా ఎవరూ చూడరు, కానీ ఇలాంటివి నాలుగు కలిసినప్పుడే గుర్రం నిజమైనదిగా అనిపిస్తుంది.

కన్ను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మనిషికి వేసినట్టు తెల్లగుడ్డు వేసి మధ్యలో నల్ల చుక్క పెట్టకండి. మామూలుగా ఉన్న గుర్రం కంట్లో తెలుపు దాదాపు కనిపించదు, బెదిరినప్పుడే కనిపిస్తుంది. మీరు పంపిన ఫొటోలో ఆరు గుర్రాలూ బెదిరిపోయినట్టున్నది అందుకే. కంటి గుంతంతా నలుపుకి దగ్గరి గోధుమ రంగుతో నింపి, ఆరాక పై భాగంలో సూదిమొనంత తెల్ల చుక్క పెట్టండి. చివర్లో, మ్యాట్ వార్నిష్ అంతా అయ్యాక, కంటి మీద ఒక చుక్క గ్లాస్ (మెరిసే) వార్నిష్. తడి మెరుపు వస్తుంది.

ఇక ఎవరికి ఏ గుర్రం అన్నది. ఆ కాలంలో దీనికి కొంత లెక్క ఉండేది. నెపోలియన్ చివరిగా ఓడిన వాటర్లూ యుద్ధంలో, 1815 జూన్ 18న, దాడి చేసిన బ్రిటిష్ స్కాట్స్ గ్రేస్ రెజిమెంట్‌కి ఆ పేరు వచ్చిందే గ్రే గుర్రాల వల్ల. నెపోలియన్ ఇంపీరియల్ గార్డ్ అనే మేటి రక్షక దళంలోని గుర్రపు గ్రెనేడియర్లవి నల్ల గుర్రాలు. ఫ్రెంచ్ రెజిమెంట్లలో బాకా ఊదేవాళ్ళకి ఎక్కువగా గ్రే గుర్రాలిచ్చేవారు, గుంపులో వాళ్ళు ఇట్టే కనపడాలి కదా. నెపోలియన్‌కి పేరు తెచ్చిన మారెంగో కూడా చిన్న గ్రే అరబ్బీ గుర్రమే, దాని అస్థిపంజరం ఇప్పటికీ లండన్ నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. బ్రిటిష్ సేనాధిపతి వెల్లింగ్టన్ వాటర్లూలో ఎక్కిన కోపెన్‌హాగన్ అనే గుర్రం చెస్ట్‌నట్. సేనాధిపతుల బొమ్మలు వేసేటప్పుడు ఇవి పనికొస్తాయి.

మీ పన్నెండు మంది కుయిరాసియర్లకి నేనైతే ఐదు బే, మూడు ముదురు గోధుమ, రెండు నలుపు, ఒక చెస్ట్‌నట్, బాకావాడికి ఒక గ్రే వేస్తాను. పక్కపక్కన ఒకే రంగు రాకుండా నిలబెడతాను. మీ సైన్యం 1813 నాటిదైతే ఇంకా కలగాపులగంగా వేసుకోవచ్చు. 1812 రష్యా దండయాత్రలో ఫ్రాన్స్ లెక్కలేనన్ని గుర్రాలు పోగొట్టుకుంది. మరుసటి ఏడు దొరికిన గుర్రం మీదే రౌతుని ఎక్కించారు, రంగు చూసుకునే పరిస్థితి లేదు.

రౌతుల విషయానికొస్తే ముందు ఏ రెజిమెంటో తేల్చుకోండి. అందరిదీ ముదురు నీలం కోటే, తేడా కాలర్ లాంటి చోట్ల వచ్చే రంగులో ఉంటుంది. 1812 నిబంధనల ప్రకారం 1 నుంచి 3 రెజిమెంట్లకి ఎరుపు, 4 నుంచి 6కి నారింజ ఛాయ, 7 నుంచి 9కి పసుపు, 10 నుంచి 12కి గులాబీ. కవచానికి మాత్రం వెండి రంగు నేరుగా వేయకండి. ముందు నలుపు, మీద ముదురు ఉక్కు రంగు, పల్చటి నలుపు నీలం వాష్, చివరికి ఛాతీ మధ్య నిలువు గీత మీదా అంచుల మీదా మాత్రం వెండి. కవచం అంచున బయటికి కనిపించే ఎర్ర లైనింగ్ మర్చిపోవద్దు, ఆ సన్నటి ఎరుపే మొత్తం బొమ్మని లేపుతుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, స్పీడ్. నా అనుభవంలో టైమ్ పోయేది బ్రష్ పట్టుకున్నప్పుడు కాదు. సీసా మూత తీయడం, రంగు కలపడం, తర్వాత ఏం వేయాలా అని ఆలోచించడం, ఆరేదాకా చూడటం, వీటిలో పోతుంది. ఒక్క బొమ్మకైనా పన్నెండుకైనా ఈ ఖర్చు దాదాపు అంతే. అందుకే పన్నెండింటిని ఒకే వరసలో పెట్టి, ఒక రంగు అందరికీ వేశాకే రెండో రంగు తీయండి. పన్నెండోవాడికి వచ్చేసరికి మొదటివాడు ఆరిపోయి ఉంటాడు. 36 మందినీ ఒకేసారి పెట్టుకోకండి. నేను ఒకసారి 48 మందిని పెట్టాను. వరసగా రెండు సాయంత్రాలు తెల్ల బెల్టులే వేశాక ఆ పెట్టె మూసి, తిరిగి తెరవడానికి ఏడు నెలలు పట్టింది. పన్నెండు మందితో మొదలుపెట్టినవి మాత్రం ఎప్పుడూ మధ్యలో ఆగలేదు. నాకు పన్నెండు మంది కాల్బలానికి పద్నాలుగు గంటల దాకా పడుతుంది, మొదట్లో మీకు ఇరవై పట్టొచ్చు.

లోపలి నుంచి బయటికి రండి. ముందు ముఖం, తర్వాత కోటు, ప్యాంటు, వాటి మీద బెల్టులు, సంచి, చివరికి తుపాకీ. లోపలిది వేసేటప్పుడు బయటికి అంటిన రంగుని తర్వాతి రంగే కప్పేస్తుంది.

నీలం దగ్గర ఒక మాట. ఫ్రెంచ్ కోటు నిజంగా చాలా ముదురు నీలం. కానీ అదే ముదురుని 28 మి.మీ. బొమ్మకి వేస్తే మీటరు దూరం నుంచి నల్లగా కనిపిస్తుంది. అసలు కంటే ఒకటి రెండు మెట్లు లేతగా వేసి, ముడతల్లో ముదురు పెట్టండి. ఆ నీలానికి నీలిమందు కావాలి. బ్రిటిష్ దిగ్బంధం వల్ల అది దొరకడం కష్టమై 1806లో కొన్ని ఫ్రెంచ్ రెజిమెంట్లకి తెల్ల కోట్లిచ్చారు, మరుసటి ఏడే ఆ ప్రయత్నం మానేశారు. మీకెప్పుడైనా నీలం వేసి వేసి విసుగొస్తే ఆ తెల్ల కోట్ల బెటాలియన్ వేసుకోవచ్చు, చరిత్ర ప్రకారం తప్పు కాదు.

తెల్ల బెల్టులకి నేరుగా తెలుపు వద్దు. ముందు లేత ఖాకీ బూడిద, దాని మీద అంచుల్లో కొంచెం కింది రంగు వదిలి తెలుపు. వీపు సంచులు దూడ చర్మంతో, వెంట్రుకలు బయటికి ఉండేలా కుట్టేవారు. కాబట్టి అందరికీ ఒకే గోధుమ రంగు కాకుండా, గుర్రాలకి చేసినట్టే నాలుగు రకాలు వేయండి. సంచి మీద చుట్టిన కోట్లు బూడిద, లేత గోధుమ కలిపి వేయండి. వెనక నుంచి చూసేది మీరే, ఆట మొత్తం మీకు కనిపించేది ఆ సంచులే. ముఖానికి కనుగుడ్లు వేయక్కర్లేదు. చర్మం రంగు, ఎర్ర గోధుమ వాష్, ముక్కు మీదా బుగ్గ ఎముకల మీదా గడ్డం మీదా ఒక్కో లేత చుక్క, అంతే.

తర్వాత ఎదుటి పక్షానికి బ్రిటిష్ వాళ్ళని వేసేటట్టయితే రెండు ఎరుపులు కొనుక్కోండి. మామూలు సైనికుల కోట్లకి మంజిష్ఠ వేరు రంగు, అది ఇటుక ఎరుపు. ఆఫీసర్లవి కొచినీల్ పురుగు నుంచి తీసిన నిగనిగలాడే ఎరుపు. అదే వరసలో ఆఫీసర్ ఒక్కడే వెలిగిపోతాడు.

వార్నిష్ గురించి నా నష్టం చెప్తాను. ఒక వానాకాలం సాయంత్రం, గాలిలో తేమ బాగా ఉన్నప్పుడు, 24 మంది పూర్తయిన బొమ్మల మీద మ్యాట్ స్ప్రే కొట్టాను. పది నిమిషాల్లో అందరి మీదా బూజు పట్టినట్టు తెల్లటి పొర కమ్మింది. గొంతులో తడి ఆరిపోయింది. మర్నాడు బ్రష్‌తో ఆ మెరిసే గ్లాస్ వార్నిష్ రాస్తే దాదాపు అందరి రంగూ తిరిగొచ్చింది, నలుగురికి మాత్రం మళ్ళీ వేయాల్సొచ్చింది. అప్పటి నుంచి తేమ ఉన్న రోజు స్ప్రే ముట్టుకోను, బ్రష్‌తో రాసే మ్యాట్ వార్నిషే వాడతాను. ఎంత పొడి రోజైనా ముందు పనికిరాని బొమ్మ ఒకదాని మీద కొట్టి చూస్తాను.

ఇక మీ ఆరు గుర్రాలు. రంగు తీయడానికి ద్రావకంలో నానబెడితే బాగా వచ్చిన రౌతులు కూడా పోతారు. దాని బదులు గుర్రాల మీద మాత్రం మ్యాట్ వార్నిష్ రాసి ఒక రోజు ఆరనివ్వండి, మెరుపు అక్కడే సగం పోతుంది. తర్వాత వీపు, పిరుదు, భుజం మీద ఇప్పుడున్న గోధుమ కంటే లేత నారింజ గోధుమ రంగుని పల్చగా వేయండి. గీతలుగా కనిపించినా పర్వాలేదు. అది ఆరాక బర్న్ట్ అంబర్ రాసి తుడవండి, రౌతు కాళ్ళకి తగలకుండా చిన్న బ్రష్ వాడితే చాలు. మూడింటికి జూలు, తోక, కాళ్ళు నలుపు చేసి బే గుర్రాలు చేయండి, రెండింటికి నుదుటి చుక్కలు పెట్టండి, ఆరోదాన్ని ఇంకోసారి అంబర్, నలుపు కలిపి రాసి ముదురు గోధుమ చేయండి. కళ్ళలో తెలుపు కప్పేయండి. ఈ ఆరింటికీ కలిపి రెండు సాయంత్రాల పని. ముందు ఒకదానికి చేసి, ఆరాక పక్క గుర్రంతో కలిపి ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. కింది రంగు ఎంత లేతగా ఉండాలో దాన్ని చూసి చెప్తాను.